మేకల పాకకు ఇంటి నంబరు

ఒకటో రోజు

ఈ పుస్తకం బంగారయ్య ఇచ్చాడు. నాకు తమ్ముడి వరస, అక్కా అనడానికి అప్పా అంటాడు. పాక కడుతున్నంతకాలం ఏ రోజు ఏం చేశావో రాసుకో అప్పా, రేపు లెక్కలమ్మ అడిగితే నీ నోట్లోంచి మాట రాదు, అన్నాడు. నిజమే. ఇళ్ళూ నీళ్ళూ పంచే ఆ యంత్రం గొంతు గోడలోంచి వినబడితే చాలు, నాకు నా పేరే గుర్తుకు రాదు. మూడో తరగతి చదువు నాది. తప్పులుంటే చదివినవాళ్ళు సర్దుకోవాలి.

ఇవాళ దిగుడు మైదానం నుంచి ఏడు చెక్క పేలెట్లు తెచ్చాం. గాలి ఓడ వారానికోసారి బియ్యం, మందులు దింపి వెళ్ళిపోతుంది. సరుకు కింద వేసిన పేలెట్లను అక్కడే వదిలేస్తుంది. పొయ్యిలోకని జనం ఎత్తుకుపోకముందే మేం వెళ్ళాం.

మా మేక చుక్క కడుపుతో ఉంది. ఈ నెలలోపు ఈనుతుంది. అప్పటికే సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి మొదలవుతుంది. నిరుడు గోడ పక్కన గోనెపట్టా కట్టి ఉంచితే, పుట్టిన రెండు పిల్లలూ మూడో రోజుకి బిగుసుకుపోయాయి. ఇంట్లోకి తెద్దామంటే యంత్రం పోసిన ఈ పోత ఇళ్ళ నేలకి వాలు లేదు. పోసిన నీళ్ళు పోసినచోటే నిలుస్తాయి. మేక ఉచ్చ సంగతి చెప్పాలా.

పేలెట్ల మీద కాల్చిన ముద్ర ఉంటుంది. బంగారయ్య పాత రేవులో పనిచేసినవాడు, చదివి చెప్పాడు.

"ఈ గుర్తున్నవే తియ్యాల అప్పా. ఇవి వేడికి కాగినవి. ఆ రెండో గుర్తున్నవి మందు పొగ పట్టినవి. మేక నాకిందంటే సచ్చిపోద్ది."

"ఎందుకురా అలా భయపెడతావు?"

"నానేటి భయపెట్టేది? నువ్వు పుట్టడమే భయంతోటి పుట్టినావు."

ఇంటికొచ్చాక ఏడింటినీ మళ్ళీ తిప్పి చూశాను. ముద్ర ఉంది. అన్నం తిన్నాక ఇంకోసారి చూశాను.

నాలుగో రోజు

గుమ్మానికి, గడపకి చెక్క కావాలని ఒక పేలెట్ విప్పాం. పెద్ద పని. మేకులు మెలిక తిరిగి ఉంటాయి. లాగితే చెక్క చీలిపోతుంది. బంగారయ్య లాగడు. రెండు చెక్కల మధ్య సందులో రంపపు బ్లేడు దూర్చి మేకునే కోస్తాడు. నేను తెగిన మేకులు ఏరి డబ్బాలో వేస్తున్నాను. చుక్క ఒక్కటి మింగినా అంతే. రాలినవన్నీ ఏరానో లేదో అనుమానం. అయస్కాంతం కట్టిన తాడుతో ఆ నేలంతా ఊడ్చినట్టు తిప్పాను. పదకొండు దొరికాయి. అంటే చేత్తో ఏరినప్పుడు పదకొండు వదిలేశానన్నమాట.

ఎనిమిదో రోజు

గోడలు లేచాయి. పేలెట్లు నిలువుగా నిలబెట్టి, మూలల్లో పాత నీళ్ళ గొట్టాలు పాతి బిగించాడు. ప్రతి పేలెట్‌కీ రెండు పొరలు ఉంటాయి కదా, ఆ మధ్య ఖాళీలో సరుకు పెట్టెల్లో వచ్చే తెల్ల నురుగు అట్టలు కూరాం. గాలి రాదు. అడుగున ఇంకో రెండు పేలెట్లు పరిచాడు, మూరెడు ఎత్తున. సందుల్లోంచి పెంటికలు కిందికి రాలిపోతాయి, మేక పొడినేల మీద పడుకుంటుంది.

గుమ్మం తూర్పుకి పెట్టమన్నాను.

"తూర్పునేటుంది? సముద్రం. గాలి తిన్నగా మేక మొకాన కొడతాది. అప్పుడు పాకెందుకు, గొడుగట్టుకో."

ఉత్తరానికి పెట్టాం. ఉత్తరమూ మంచిదే అన్నాడు. నా నోరు మూయించడానికి అన్నాడేమో.

పైన కరెంటు పుట్టించే ఎండ పలకలు, పగిలినవి, ఒకదాని మీద ఒకటి పెంకుల్లా వాల్చాడు. తలుపుకి పాడైన ఫ్రిజ్ తలుపు దొరికింది. లోపలి అరలు అలాగే ఉన్నాయి. గుడ్లు పెట్టుకునే గుంటలు కూడా. వాటిలో ఉప్పుగడ్డ, బెల్లంముక్క పెట్టుకోవచ్చు.

పన్నెండో రోజు, శుక్రవారం

పాక పూర్తయింది. పేలెట్ అడుగున ఉండే మందపు దుంగని బంగారయ్య గడపగా వేశాడు. నేను తలకి పోసుకుని వచ్చి గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. ముందు పిండితో నాలుగు గీతలు ముగ్గు వేశాను.

"మేక్కి గడప పూజేటప్పా?" అని నవ్వాడు.

"గడపన్నాక గడపే. కడుపుతో ఉన్నదాన్ని ఒట్టి చెక్క దాటిస్తానా?"

"అది దాటదు, దూకుద్ది."

"దూకినా గడప మీంచే కదా దూకేది."

మంచిరోజు వచ్చే బుధవారం. అంతవరకు చుక్కని మా ఇంటి గోడకే కట్టి ఉంచుతాను. ఖాళీ పాకని చూసి చూసి వచ్చాను. చాలా బాగుంది. ఇంత బాగుంటే ఏదో ఒకటి అవుతుంది.

పద్నాలుగో రోజు

అయింది.

ఏమైందో మాత్రం తెలియదు. రోజూ తెల్లారగానే లెక్కలమ్మ ఈగలు కప్పుల మీదుగా తిరుగుతాయి, ఇళ్ళు లెక్క చూసుకునే ఎగిరే యంత్రాలు. నిన్న ఒక ఈగ పాక ముందు ఆగి, కిందికి దిగి, గడప దగ్గర చాలాసేపు జుయ్యిమంది. ఇవాళ పొద్దున చూస్తే ఫ్రిజ్ తలుపు మీద నీలంరంగుతో అరవై ఏడు బై రెండు అని ఉంది. మా ఇంటి నంబరు అరవై ఏడు.

ఎవరైనా వేళాకోళానికి రాశారేమోనని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

పదహారో రోజు

నేల మీద పాకే గొట్టాల యంత్రం వచ్చి పాక పక్కన కుళాయి బిగించి వెళ్ళింది. నేను అడగలేదు. నువ్వు అడిగావా అంటే బంగారయ్య కూడా అడగలేదన్నాడు.

పొద్దున మా ఇంటి కుళాయి నాలుగు బిందెలు ఇవ్వాలి. రెండింటికే ఆగిపోయింది. పాక కుళాయి మాత్రం రెండు బిందెలు ఇచ్చింది. కలిపితే నాలుగే. నావి నాకే వచ్చినట్టా, నావి తీసి మేకకి ఇచ్చినట్టా? ఇలాంటప్పుడు సంతోషించాలో ఏడవాలో ఎవరైనా చెబితే బాగుణ్ను.

పదిహేడో రోజు, బుధవారం

చుక్కని పాకలోకి తీసుకెళ్దామని పసుపునీళ్ళు కలుపుతుంటే గోడ మాట్లాడింది.

"పైడమ్మగారూ, నమస్కారం. మీకు రెండు ఇళ్ళు ఉన్నాయి. మీరు ఒక్కరే. చిన్న ఇల్లు ఒకరికి సరిపోతుంది. పెద్ద ఇంటిని నలుగురున్న కుటుంబానికి ఇచ్చాం. ఐదు రోజుల్లో మీరు చిన్న ఇంటికి మారాలి."

చెంబు కింద పెట్టి గోడవైపు తిరిగాను.

ఈ ఇల్లు పదకొండేళ్ళ కిందట మా ఆయనకి, మా అత్తకి, మా ఆడపడుచుకి, నాకు కలిపి ఇచ్చారు. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురూ పోయారు. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారోనని ఒక్కదాన్నయిన దగ్గర్నుంచీ భయపడుతూనే ఉన్నాను. ఒక్కరుండే ఇల్లు ఈ గట్టు మీద ఒక్కటీ లేదు కాబట్టి లెక్కలమ్మ ఊరుకుంది. ఇప్పుడు ఆ ఒక్కరుండే ఇల్లు నా చేత్తో నేనే కట్టుకున్నానట.

"అది ఇల్లు కాదమ్మా, మేకల పాక," అన్నాను గోడతో.

"ఈ గట్టు మీద ఇంటికి ఉండే గుర్తు దానికి ఉంది. మీకు శుభం."

చుక్కని ఏం చెయ్యాలో తోచలేదు. మంచిరోజు పోతుందని పాకలోనే కట్టాను. పెద్ద పొట్టతో ఒక్క దూకు దూకి లోపలికి పోయి, నా వంక చూసి అరిచింది. ఆ ఇల్లు నాదే అన్నట్టు.

పద్దెనిమిదో రోజు

వార్డు చూసే వరాలు వచ్చింది. దాని కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి గెంతింది.

"పిన్నీ, ఏటిది? పెద్దదానివి! ముందు ఇది సెప్పు. ఆ గడపకి పసుపెందుకు రాసినావు?"

"గడపకి పసుపు రాయనా?"

"అదే మరి వొచ్చింది సిక్కు. మొదట్లో ఈగలకి ఇల్లేదో నీళ్ళ తొట్టేదో తెలిసేది కాదు. అన్నీ ఒకే బూడిదరంగు. ఇక్కడోళ్ళు గడపకి పసుపు రాత్తారు, అది సూసి పోల్చుకోండని నేర్పినారు. తొట్టికి గడపుండదు. కోళ్ళ గూటికి గడపుండదు. నీ మేక్కుంది."

"అయితే నువ్వు చెప్పవే, అది పాకని."

"నా మాట లెక్కలమ్మ వినదు పిన్నీ. దాని కంటితో సూసిందే నమ్ముతాది. మూడు పొద్దులు వరసగా పసుపు లేకుండా కనబడితే అది ఇల్లు కాదని కొట్టేస్తాది. రేపే కడిగీ. బేగి కడిగీ. ఆ కుటుంబం బయల్దేరిపోనాది."

కడగడమే కదా అనుకున్నాను. మనసు కుదుటపడింది. నా మనసు కుదుటపడిందంటేనే భయం నాకు.

పంతొమ్మిదో రోజు, శుక్రవారం

తెల్లవారుజామున బకెట్టు, కొబ్బరిపీచు పట్టుకుని పాకకి వెళ్ళాను. చుక్క ఈనింది. రెండు పిల్లలు. ఒకటి తెలుపు, ఒకటి గోధుమరంగు. తెల్లది అప్పుడే లేచి నిలబడి పడిపోతోంది.

చేతిలో పీచుతో అక్కడే నిలబడ్డాను. బాలింత లోపలుండగా, పసికూనలు లోపలుండగా, అదీ శుక్రవారం నాడు, గడప కడిగేసి బోడిగా వదిలెయ్యమంటే ఎలాగ? నిరుటి పిల్లలు కళ్ళలో మెదిలాయి. నా చెయ్యి వంగలేదు.

పాక గడప పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. లెక్కలమ్మకి వచ్చిన గొడవ ఏమిటి? ఒక మనిషికి రెండిళ్ళు. రెండింట్లో ఒకటి కొట్టేస్తే ఒకటే మిగులుతుంది. ఒక మనిషికి ఒక ఇల్లు. గొడవ తీరింది. ఏ గడప కడిగితే ఏముంది? అసలు పెద్దది ఇల్లే కాదని అది అనుకుంటే, లేని ఇంటిని ఇంకొకరికి ఎలా ఇస్తుంది?

మా ఇంటి గడప కడిగేశాను. పదకొండేళ్ళ పసుపు. ఎంత రుద్దినా సందుల్లోంచి ఊరుతూనే ఉంది. కడిగినంతసేపూ గోడవైపు చూడలేదు.

ఇరవయ్యో రోజు

ఉప్పుగాలి మొదలైంది. పాక కదల్లేదు. లోపల చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. పిల్లలు పాలు తాగుతున్నాయి.

బంగారయ్య పాలకని గిన్నె పట్టుకుని వచ్చి మా గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఓలప్పా! ఇల్లు తుడిచీసి పాక ఉంచీసినావేటి?"

నా ఆలోచన చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవుల్నైనా అడిగి సేసినావా?"

"అడిగితే వద్దంటారని అడగలేదు."

"అయితే ఇప్పుడు దాని లెక్కలో నీ మేకుండేది ఇల్లు, నువ్వుండేది పాక."

"ఇప్పుడు మళ్ళీ రాసెయ్యనా?"

"రాస్తే ఇల్లౌతాది, ఆ నలుగురొచ్చి దిగుతారు. రాయకపోతే..." అని ఆగిపోయాడు. రాయకపోతే ఏమవుతుందో అతనికీ తెలియదు. నలభై ఏళ్ళు రేవులో పనిచేసిన మనిషికే తెలియకపోతే నాకేం తెలుస్తుంది. రాయలేదు.

ఇరవై రెండో రోజు

పొద్దున కుళాయి రాలేదు. దీపం వెలగలేదు. గోడని పలకరించాను. "అమ్మా, ఉన్నావా?" అన్నాను. పలకలేదు. పదకొండేళ్ళు ఆ గొంతుకి భయపడ్డాను. లేకపోతే ఇంకా భయమేసింది. పాక కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. నూకరత్నం అని ఒక కోడలు, దాని మొగుడు, నాలుగేళ్ళ కూతురు, అత్త సన్నాసమ్మ. నెత్తిన మూటలు, ఒళ్ళంతా ఉప్పు తెట్టు. చేతిలో అరవై ఏడు అని చీటీ. ఆరేళ్ళు ఎదురుచూపు షెడ్లలో ఉన్నారట, తెర కట్టుకుని, అవతలివాళ్ళ దగ్గు వింటూ. దారిలో వరాలుని అడిగితే, అరవై ఏడనే ఇల్లు ఇవాళ పొద్దుటి నుంచి లెక్కలో లేదందట.

నలుగురూ మా గుమ్మం ముందు నిలబడ్డారు. పాకని చూపించి పంపెయ్యాలా, ఇక్కడ ఇల్లు లేదని చెప్పాలా, తలుపేసుకోవాలా? ఇంతలో గాలి ఒక్క విసురు విసిరింది. పిల్ల కళ్ళు మూసుకుని తల్లి చీరలో దూరింది.

"ముందు లోపలికి రండి," అన్నాను. నేను అనుకున్న మాట అది కాదు.

ముగ్గురూ వచ్చారు. సన్నాసమ్మ రాలేదు. గడప వంక చూసి అక్కడే చతికిలబడింది.

"ఎవులు పోనారమ్మా?"

"ఎవరూ పోలేదు."

"మరి గడపేటి, అలా బోడిగుంది? సావింటికి నాను ఎక్కను."

"నేనే కడిగేశాను వదినా."

"బతికున్న ఇంటికి గడప కడిగీసి ఒగ్గీసినావా? పిచ్చేటే నీకు?"

"మీరొస్తారని కడిగేశాను," అన్నాను. దాచడం చేతకాలేదు. "ఇల్లు లేదంటే వెళ్ళిపోతారనుకున్నాను. ఒక్కదాన్ని. ఎక్కడికి పోతానో తెలియక."

నూకరత్నం మూట కింద పెట్టబోయి ఆగింది. సన్నాసమ్మ నా మొహం కేసి చూస్తూ కొంగుముడి విప్పింది. అందులో పసుపు పొట్లం ఉంది. కొత్త ఇంటి గడపకి మొదటి రోజు రాయాలని ఆరేళ్ళు కొంగున కట్టుకుని తిరిగిందట. రంగు కూడా తగ్గిపోయింది.

"నీ ఇంటికి నాను రాయకూడదు. నువ్వే రాయి," అని నా చేతిలో పెట్టింది. "రాత్తే లోపలికొత్తాను. నేదంటే ఇక్కడే కూకుంటాను. గాలికి పోతే పోతాను, నాకేటి."

రాస్తే ఇల్లు లెక్కలోకి వస్తుంది, లెక్కలమ్మ ఈ నలుగురికీ ఇచ్చేస్తుంది, నేను మేకతో పాటు పడుకోవాలి. రాయకపోతే ఆ మనిషి అలా గాలిలో కూర్చునే రకం. మొహం చూస్తే తెలుస్తోంది. ఆ రెండింటి మధ్య ఎంతసేపు నిలబడ్డానో. సన్నాసమ్మ పెదవుల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటోంది.

తడిపి రాశాను. ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా వచ్చింది.

"సందులో కూడా పెట్టు," అంది. పెట్టాక లోపలికొచ్చింది.

ఇరవై మూడో రోజు

ఐదుగురం ఉన్నాం. నీళ్ళు పాక కుళాయివే, రెండు బిందెలు. సన్నాసమ్మ గురక పెడుతుంది. వంట నాకు చెప్పకుండా మొదలుపెట్టింది, చింతపండు ఎక్కువ వేసింది. మా అత్త కూడా అలాగే వేసేది. పిల్ల పాక దగ్గరే ఉంటోంది. గడప మీద కూర్చుంటోంది. కూర్చోకూడదని నేను అన్నాను. అదే సమయానికి సన్నాసమ్మ కూడా అంది.

నా మూట సర్ది తలుపు పక్కన పెట్టుకున్నాను. రేపు లెక్కలమ్మ ఎలాగూ పొమ్మంటుంది. పాకలో చుక్క, రెండు పిల్లలు, నేను. కాళ్ళు చాపుకునే చోటు ఎక్కడో చూసి వచ్చాను. లేదు.

ఇరవై నాలుగో రోజు, బుధవారం

పొద్దున ఈగ వెళ్ళిన కాసేపటికి దీపం వెలిగింది, కుళాయిలో గాలి బుస్సుమంది. గోడ పలికింది. అందరం లేచి నిలబడ్డాం.

"అరవై ఏడో నంబరు ఇల్లు మళ్ళీ లెక్కలోకి వచ్చింది. నలుగురికి ఇచ్చిన ఇంట్లో ఐదుగురు ఉన్నారు. పైడమ్మగారు ఒక్కరికి ఇచ్చిన అరవై ఏడు బై రెండులో, ఐదు పొద్దుల నుంచి ముగ్గురి వెచ్చదనం కనిపిస్తోంది. అక్కడ చోటు లేదు. చోటు దొరికేవరకు పైడమ్మగారు ఉన్నచోటే ఉండాలి."

నాకు అర్థం కాలేదు. నూకరత్నానికి అయినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చిన్న ఇంట్లో ఉన్నవారి పేర్లు మా దగ్గర లేవు. చెప్పండి."

అది మేక అని చెప్పాలి. చెబితే ముగ్గురు కారు, పాక ఖాళీ, నేను అందులోకి. చెప్పకపోతే అబద్ధం. లెక్కలమ్మతో అబద్ధం ఆడినవాళ్ళకి ఏమవుతుందో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, అందుకే ఎక్కువ భయం.

"సెప్పవే, పేరడిగితే పేరు సెప్పడానికేటి?" సన్నాసమ్మ నా నడుములో పొడిచింది. "పేరే కదా అడిగినాది, కాళ్ళెన్నని అడిగినాదా?"

"చుక్కమ్మ," అన్నాను.

"మిగతా ఇద్దరు?"

"చుక్కమ్మ పిల్లలమ్మా. శుక్రవారం పుట్టారు. ఇంకా పేర్లు పెట్టలేదు."

గోడ ఒకసారి జుయ్యిమంది.

"శుభం. బాలింత ఉన్న ఇంటికి రోజుకు రెండు బిందెలు అదనం. పిల్లల పేర్లు పుట్టిన ఇరవై ఒకటో రోజులోపు చెప్పండి."

గోడ ఆగిపోయింది. నూకరత్నం మొగుడు బయటికి పరుగెత్తి నవ్వుతున్నాడు, గోడవతల వినబడుతోంది. సన్నాసమ్మ నా మూట విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేసింది. ఆడపిల్లకి మా అమ్మ పేరు పెట్టాల, అని కోడలితో అప్పుడే తగువు మొదలుపెట్టింది. పుట్టినవి రెండూ పోతులే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నేను గుమ్మంలో కూర్చుని గోడతో చెప్పినదంతా మాట మాటా తిరగేసుకుంటున్నాను. చుక్కమ్మ నిజం. పిల్లలు నిజం. శుక్రవారం నిజం. ఒక్క ముక్క అబద్ధం దొరకలేదు. అయినా ఎక్కడో ఉండే ఉంటుంది.